సీటు మనది, ఎంపిక ఎవరిది?

కారంచేడు, చుండూరు, ఈదుమూడి. ఈ మూడూళ్ల పేర్లు వినని దళితుడు తెలుగునాట ఉండడు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని వెంటాడి నరికారు, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 1994 జులై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మోగింది. ఈ మూడు తేదీలు మన పిల్లలకు కూడా నోటికొచ్చు. కానీ ఈ మూడూళ్లూ ఇవాళ ఒకే పార్లమెంటు నియోజకవర్గంలో ఉన్నాయన్న సంగతి మనలో ఎంతమందికి పట్టింది?

కారంచేడు పర్చూరు అసెంబ్లీ కిందికొస్తుంది. చుండూరు వేమూరు కిందికి. ఈదుమూడి సంతనూతలపాడు కిందికి. ఈ మూడింటికీ రేపల్లె, బాపట్ల, చీరాల, అద్దంకి కలిపితే బాపట్ల పార్లమెంటు. 2009 ఎన్నికల నుంచి అది ఎస్సీ రిజర్వుడు సీటు. అంటే తెలుగు దళిత ఉద్యమాన్ని నెత్తురుతో, చెమటతో నిలబెట్టిన మూడూళ్లకు ఢిల్లీలో మాట్లాడేవాడు చట్టం ప్రకారం దళితుడే అయ్యుండాలి. 2009, 2014, 2019, 2024. నాలుగు ఎన్నికలు అయిపోయినయి. ఈ నాలుగు ఎన్నికల లెక్క ఒకసారి తీద్దాం. ఎవరినో తిట్టడానికి తీయడం లేదు. మన చేతిలో ఉందనుకుంటున్నది నిజంగా మన చేతిలో ఉందా లేదా తేల్చుకోడానికి తీస్తున్నాం.

2024 మే నెలలో ఓట్లప్పుడు మేం కొందరం ఆ పల్లెలు తిరిగాం. చీరాల అవతల ఒక పల్లెలో వేపచెట్టు కింద కూర్చున్న పెద్దమ్మ ఒకామె మమ్మల్ని అడిగింది: "ఓటు ఎయ్యమంటారు, ఏస్తాం నాయనా. ఇది మన సీటంటారు, అదీ బాగానే ఉంది. మరి ఈ మడిసిని నిలబెట్టాలా వద్దా అని మన పల్లెకొచ్చి ఎవురన్నా అడిగారా?" మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆమెకు బాకీ.

ఎవరుంటారు ఈ గడ్డ మీద?

తూర్పున సముద్రం. ఉత్తరాన కృష్ణా పశ్చిమ డెల్టా, వరిపొలాలు, కాలవలు. దక్షిణాన, పడమట మెట్ట, పొగాకు, చీమకుర్తి నల్లరాయి గనులు. చీరాలలో మగ్గాలు. రేపల్లె, బాపట్ల తీరంలో చేపల వేట. బాపట్ల పక్కనే స్టువర్టుపురం. నేరస్తుల జాతి అని తెల్లదొర ముద్రేసిన ఎరుకల కుటుంబాలను తెచ్చిపెట్టిన సెటిల్‌మెంటు అది. కమ్మ, కాపు, రెడ్డి రైతులు, గౌడ, యాదవ, పద్మశాలి, దేవాంగ, పల్లెకారు, యానాది, ఎరుకల. ప్రతి ఊరికీ ఒక చివర మాలపల్లె, ఇంకో చివర మాదిగపల్లె. డెల్టాలో నాటు వేసేదీ, కోత కోసేదీ ఆ రెండు పల్లెల చేతులే. పొలం పాసుపుస్తకం మాత్రం ఊళ్లో ఉంటుంది.

2011 జనాభా లెక్కల్లో అప్పటి గుంటూరు జిల్లాలో షెడ్యూల్డు కులాలు నూటికి సుమారు 20, ప్రకాశం జిల్లాలో సుమారు 23. బాపట్ల పార్లమెంటు ఈ రెండు జిల్లాల నుంచీ కోసి కుట్టిన బట్ట. 2022లో బాపట్ల పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషనూ, గుంటూరు లూథరన్ మిషనూ నూరేళ్లకు పైగా పనిచేసిన ప్రాంతం ఇది. క్రైస్తవులమని రాయించుకున్న మనవాళ్లు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీలు కారు. సిక్కులైన దళితులను 1956లో, బౌద్ధులైనవారిని 1990లో ఆ జాబితాలో కలిపారు. క్రైస్తవులను కలపలేదు. వాళ్లు ఇక్కడ బీసీ-సీ. అదే పల్లెలో ఉంటారు, అదే వెలి అనుభవిస్తారు, అదే కత్తికి బలవుతారు. లెక్కలో మాత్రం ఉండరు, రిజర్వుడు సీటులో నిలబడలేరు. కాబట్టి పల్లెల్లో ఉన్న మన బలగం కాగితం మీది శాతం కంటే ఎక్కువే.

ఓట్ల చరిత్ర

రిజర్వేషన్ రాకముందు సంగతి చూద్దాం. 1977లోనూ 1980లోనూ అంకినీడు ప్రసాదరావు కాంగ్రెసు తరఫున గెలిచారు. 1984లో తెలుగుదేశం నుంచి చిమటా సాంబు. 1989లో కాంగ్రెసు నుంచి సలగల బెంజిమన్. 1991లో తెలుగుదేశం నుంచి దగ్గుబాటి వెంకటేశ్వరరావు. 1996లో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు, అదే పార్టీ. 1998లో కాంగ్రెసు నుంచి నేదురుమల్లి జనార్దనరెడ్డి. 1999లో తెలుగుదేశం నుంచి సినిమా నిర్మాత దగ్గుబాటి రామానాయుడు. 2004లో కాంగ్రెసు నుంచి దగ్గుబాటి పురందేశ్వరి.

ఈ పేర్లను తేదీల పక్కన పెట్టి చదవండి. కారంచేడులో శవాలు లేచిన ఆరేళ్లకు ఆ నియోజకవర్గం ఎన్నుకున్న ఎంపీ సొంతూరు కారంచేడే. 1999లో ఎన్నుకున్న ఎంపీ పుట్టిందీ కారంచేడులోనే. 2004లో ఎన్నికైనామె మెట్టినిల్లు కారంచేడే. చుండూరు నెత్తురు పారిననాడు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నవారు నేదురుమల్లి. ఏడేళ్లు తిరిగేసరికి ఆయన బాపట్ల ఎంపీ. చుండూరు అప్పట్లో తెనాలి పార్లమెంటు కింద ఉండేది, నిజమే. 2008లో తెనాలి పార్లమెంటు రద్దయినాకే వేమూరు వచ్చి బాపట్లలో కలిసింది. వీళ్ల మీద మేం నేరం మోపడం లేదు. మేం చెప్పేది వేరు. ఊరు ఒకవైపు, పల్లె ఒకవైపు నిలబడిన చోట, ఓట్ల పెట్టె ఊరి పేరునే ఢిల్లీకి పంపింది. పల్లె ఓటేసింది. పల్లె పేరు మాత్రం లెక్కకు రాలేదు.

కోర్టుల సంగతీ చెప్పుకోవాలి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు శిక్షలు ఖాయం చేసింది 2008లో, అంటే ఇరవైమూడేళ్ల తర్వాత. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కేసు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. హైకోర్టు తీర్పు వచ్చిన పదిహేను రోజులకు, 2014 మే 7న, బాపట్ల పార్లమెంటుకు పోలింగు. ఆ పదిహేను రోజుల్లో మీ పల్లెకొచ్చిన ప్రచార బండ్ల మైకుల్లో చుండూరు మాట ఎన్నిసార్లు వినబడిందో మీరే గుర్తు చేసుకోండి. అప్పటికి అది రిజర్వుడు సీటై అయిదేళ్లు.

సీటు మారింది, నాయకులు కదిలారు, మనం ఉన్నచోటే ఉన్నాం

2001 జనాభా లెక్కల మీద జరిగిన పునర్విభజన 2008లో అమల్లోకొచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో ఎస్సీ సీట్లు ఆరు నుంచి ఏడయినయి. అప్పటిదాకా రిజర్వుడుగా ఉన్న నెల్లూరు జనరల్ అయింది. జనరల్‌గా ఉన్న బాపట్ల, చిత్తూరు రిజర్వుడు అయినయి. చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. ఎస్టీ సీట్లు వాళ్ల జనాభా శాతం అన్నిటికంటే ఎక్కువున్న చోట పెట్టాలి. ఎస్సీ సీట్లు మాత్రం రాష్ట్రంలో వేర్వేరు చోట్లకు పంచి, మన జనాభా కాస్త ఎక్కువున్న చోట పెట్టాలి. అంటే రిజర్వుడు సీటంటే మనం ఎక్కువమంది ఉన్న సీటని అర్థం కాదు. నూటికి ఇరవై, ఇరవైమూడు మంది ఉన్నా అది మన సీటే అంటారు.

సీట్లు అటూ ఇటూ మారగానే ఏమయింది? బాపట్ల ఎంపీగా ఉన్న పురందేశ్వరి 2009లో విశాఖపట్నం వెళ్లి అక్కడ గెలిచారు. నెల్లూరు ఎంపీగా ఉన్న పనబాక లక్ష్మి బాపట్ల వచ్చి ఇక్కడ గెలిచారు. 2014లో తెలుగుదేశం నుంచి మాల్యాద్రి శ్రీరామ్. 2019లో వైఎస్సార్ కాంగ్రెసు నుంచి నందిగం సురేష్, రాజధాని ప్రాంతంలోని ఉద్దండరాయునిపాలెం మనిషి. 2024లో తెలుగుదేశం నుంచి తెన్నేటి కృష్ణప్రసాద్, పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. వీళ్లలో కేంద్రమంత్రిగా చేసినామె ఉంది. పొలం పనుల నుంచి పైకొచ్చినవారున్నారు. పెద్ద చదువులు చదివినవారున్నారు. వాళ్ల సమర్థత మీద మాకు పేచీ లేదు. వాళ్లు దళితులు, మనవాళ్లు, వాళ్లు గెలిస్తే మనకూ సంతోషమే.

మా పేచీ అల్లా ఎంపిక మీద. ఏడు అసెంబ్లీల్లోని ఏ పల్లె కూర్చుని వాళ్ల పేరు ఖాయం చేసింది? టిక్కెట్టు ఢిల్లీలో ఇచ్చారు, హైదరాబాదులో ఇచ్చారు, విజయవాడలో ఇచ్చారు. పల్లెలో ఎవరూ ఇవ్వలేదు.

ఇక అంకెలు

బాపట్లలో ఓటర్లు సుమారు 15 లక్షలు. నూటికి 80 మందికి పైగా వచ్చి ఓటేసే చోటు ఇది. ఎర్రటి ఎండలో లైన్లో నిలబడి ఓటేస్తారు. ఇందులో మన ఓట్లు మోటు లెక్కన మూడు లక్షల చిల్లర. గెలవాలంటే అయిదారు లక్షలు కావాలి. ఇప్పుడు కూడికలు, తీసివేతలు మీరే చేయండి. దళితులంతా ఒక్కతాటి మీద నిలబడి ఒక మనిషికి ఓటేసినా ఆ మనిషి ఓడిపోవచ్చు. ఒక్క దళితుడూ ఓటేయని మనిషి, తాను దళితుడైతే చాలు, గెలవొచ్చు. రిజర్వుడు సీటులో నిలబడేవాడిది మన కులమే. నిలబెట్టేదీ, పడగొట్టేదీ మాత్రం మిగతా పన్నెండు లక్షలు.

2019లో ఇక్కడ మెజారిటీ 16,065. 2024లో మెజారిటీ 2,08,031. అయిదేళ్లలో అంత తేడా ఎక్కణ్నించి వచ్చింది? పల్లెలు ఏదో తీర్మానం చేసుకుని అటు నుంచి ఇటు మారాయా? రాష్ట్రంలో గాలి మారింది, బాపట్ల ఆ గాలికి ఊగింది. 2009లో రాష్ట్రంలో కాంగ్రెసు, బాపట్లలో కాంగ్రెసు. 2014లో అక్కడా తెలుగుదేశం, ఇక్కడా తెలుగుదేశం. 2019లో అక్కడా ఇక్కడా వైఎస్సార్ కాంగ్రెసు. 2024లో మళ్లీ తెలుగుదేశం. రిజర్వుడు అయినాక ఈ సీటు ఒక్కసారి కూడా గాలికి ఎదురు నిలబడలేదు. జనరల్‌గా ఉన్నప్పుడన్నా 1991లోనూ 1998లోనూ రాష్ట్రంలో ఒక పార్టీ, ఇక్కడ మరో పార్టీ. మన సీటు అయినాక ఆ మాత్రం సొంత గొంతు కూడా లేదు.

గెలిచినాక మాత్రం ఏం చేయగలడు? 1985లోనే, కారంచేడు జరిగిన సంవత్సరమే, ఫిరాయింపుల చట్టం వచ్చింది. పార్టీ విప్ జారీ చేస్తే చెయ్యెత్తాలి, లేకపోతే సీటు పోతుంది. మనం పంపిన మనిషి పార్లమెంటులో మన మాట మీద ఓటేయాలంటే పార్టీ ఒప్పుకోవాలి. టిక్కెట్టు వాళ్లది, ఖర్చు వాళ్లది, మిగతా కులాల ఓట్లు తెచ్చిపెట్టే ఊరి పెద్దలు వాళ్లవాళ్లు. ఇన్ని బాకీలు నెత్తినున్న మనిషి పల్లెలో కత్తులు దిగిననాడు ఎవరి అరుగు మీద కూర్చుంటాడు? అది ఆ మనిషి గుణం మీద ఆధారపడే సంగతి కాదు. సీటును అట్లా తయారుచేశారు.

ఎప్పుడు తయారుచేశారు?

ఇది నిన్నటి మాట కాదు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వం మనకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. రాష్ట్ర శాసనసభల్లో 71 సీట్లు, వాటిలో ఓటేసేది మనమే. దానికితోడు జనరల్ సీట్లలో కూడా మనకు ఓటు. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకు దిగాడు. ఆ ప్రాణం పోతే దేశంలోని పల్లెలన్నీ తగలబడతాయన్న భయం ఒకవైపు, జాతి హక్కు ఒకవైపు. బాబాసాహెబ్ సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక మీద సంతకం పెట్టాల్సొచ్చింది. సీట్లు 71 నుంచి 148 అయినయి, అందులో మద్రాసు రాష్ట్రానికి 30. సీట్లు రెట్టింపు దాటినయి. సొంత ఓటు పోయింది.

అయినా ఆ ఒడంబడికలో ఒక కిటికీ ఉంది, దాన్ని మనం మర్చిపోయాం. రిజర్వుడు సీటుకు ముందుగా ఆ నియోజకవర్గంలోని దళిత ఓటర్లే ఓటేసి నలుగురిని ఎంచాలి. తర్వాత ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. అంటే తొలి జల్లెడ మన చేతిలో. దానికి పదేళ్ల గడువు పెట్టారు. తొలి విడతలో మనవాళ్లు మొగ్గిన మనిషి తుది విడతలో మిగతావాళ్ల ఓట్లతో ఓడిపోతున్నాడని 1946 ఎన్నికల తర్వాత బాబాసాహెబ్ లెక్కలతో సహా వాదించాడు. లోపం ఉన్న జల్లెడే. అయినా అది జల్లెడ. స్వతంత్రం వచ్చినాక అదీ లేకుండా పోయింది.

ఆ మాట రాజ్యాంగ సభలో అడిగినవాడు మన తెలుగు దళితుడే. కర్నూలు ప్రాంతం మనిషి, మద్రాసు నుంచి వెళ్లిన సభ్యుడు ఎస్. నాగప్ప. 1947 ఆగస్టులో, స్వతంత్రం వచ్చిన రెండువారాల లోపే, ఆయన ఒక సవరణ పెట్టాడు. రిజర్వుడు సీటులో గెలిచాడని ప్రకటించాలంటే ఆ అభ్యర్థికి దళితులు వేసిన ఓట్లలో కనీసం నూటికి 35 వచ్చి ఉండాలి. అంతే ఆయన అడిగింది. వేరే ఓటు అడగలేదు, వేరే దేశం అడగలేదు. మూడోవంతు మనవాళ్లన్నా ఒప్పుకున్న మనిషే మన పేరుతో కూర్చోవాలన్నాడు. పటేల్ అడ్డు చెప్పాడు. సవరణ నెగ్గలేదు. నాగప్ప పేరు మన పిల్లల పాఠంలో లేదు. కనీసం మన సభల బ్యానర్ల మీదన్నా ఉండాలి కదా?

ఇంకొక కథ ఉంది, అదీ మన ఆంధ్రాదే. 1952 నుంచి 1961 దాకా కొన్ని నియోజకవర్గాల్లో ఇద్దరేసి సభ్యులుండేవాళ్లు. ఒక సీటు జనరల్, ఒకటి రిజర్వుడు. 1957లో పార్వతీపురంలో ఇద్దరు గిరిజన అభ్యర్థులు ఎక్కువ ఓట్లు తెచ్చుకుని రెండు సీట్లూ గెలిచారు. ఓడిపోయినవాడు సామాన్యుడు కాదు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. జనరల్ సీటు గిరిజనుడికెట్లా పోతుందని ఆయన కోర్టుకెక్కాడు. రిజర్వుడు మనిషి ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే జనరల్ సీటూ అతనిదేనని 1959లో సుప్రీంకోర్టు డిప్పల సూరిదొర పక్షాన చెప్పింది. రెండేళ్లకు, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను చట్టం చేసి ఎత్తేశారు. కారణాలు ఎన్నైనా చెప్పొచ్చు. మనకు మిగిలింది మాత్రం ఒక్కటే సీటు, దాని మీద అందరి ఓటు.

మనలో మనం

"ఈ సీటన్నా లేకపోతే మనవాడు పార్లమెంటు గడప తొక్కేవాడా?" అని మన పెద్దలు కొందరు అడుగుతారు. నిజమే, తొక్కేవాడు కాదు. జనరల్ సీటులో దళితుడికి టిక్కెట్టిచ్చే పెద్దమనసు ఎన్ని పార్టీలకుందో చూస్తూనే ఉన్నాం. రిజర్వుడు సీటు వద్దని మేం అనడం లేదు. వద్దనేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. మేం అడిగేది ఆ సీటు పూర్తిగా కావాలని. సగం వండిన అన్నం పెట్టి, ఆకలి తీరింది కదా అంటే ఎట్లా?

"మన ఓటు వేరు, మన ఎంపిక వేరు అంటే ఊళ్లో కక్షలు పెరగవా?" అనేవాళ్లూ ఉన్నారు. కారంచేడులో మనం ఏ ప్రత్యేక ఓటు అడిగాం? తాగే నీళ్లను మురికి చేయొద్దని ఒక ఆడకూతురు అన్నది, అంతే. చుండూరులో ఏమడిగాం? సినిమా హాల్లో అందరితో సమానంగా కూర్చున్నాం. కక్షకు మన కోరికలతో పని లేదు.

మూడో ప్రశ్న అన్నిటికంటే కష్టమైంది, దాన్ని దాచం. "ముందు మనమే ఎంచుకోవాలంటే మాల, మాదిగ కొట్టుకోరా?" కారంచేడులో చచ్చింది మాదిగలు, చుండూరులో చచ్చింది ఎక్కువగా మాలలు. రెండు చోట్లా రెండు పల్లెలూ కలిసి ఏడ్చాయి, కలిసి నడిచాయి. ఈదుమూడి పుట్టింది దాని తర్వాతే, ఉద్యోగాల్లో, చదువుల్లో మా వాటా ఏదని మాదిగ బిడ్డ అడిగినందుకు. ఆ ప్రశ్న న్యాయమైందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది. అది ఉద్యోగాలకూ, చదువులకూ. పార్లమెంటు సీటుకు ఆ తీర్పు వర్తించదు. అంటే సీటు దగ్గర వాటా సంగతి మనమే కూర్చుని తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఏమవుతుందో చూశాం: పార్టీ ఆఫీసులో ఎవడో మాలకిస్తే మాదిగకు మంట, మాదిగకిస్తే మాలకు మంట అని లెక్కలేసి, ఇద్దరినీ ఇంటి బయట నిలబెట్టి టిక్కెట్టు రాస్తాడు. మన పంచాయితీ మన అరుగు మీద జరిగితే తప్పేంటి? గొడవ పడదాం, రాత్రంతా పడదాం, తెల్లారేసరికి ఒక మాట మీదికొద్దాం. రెల్లి, డక్కలి, చిందు, మాస్టిన్‌లనూ పక్కన కూర్చోబెట్టుకుందాం. క్రైస్తవులని రాయించుకున్న మన అన్నదమ్ములను కూడా.

ఏం చేయాలి?

గడువులు దగ్గర పడుతున్నయి. చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ సీట్ల రిజర్వేషన్‌ను మొదట పదేళ్లకు పెట్టారు, పదేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చారు. 2019లో చేసిన 104వ సవరణ దాన్ని 2030 జనవరి దాకా పొడిగించింది. సీట్ల పునర్విభజన ముందుంది. కొత్త జనాభా లెక్క, కొత్త గీతలు. బాపట్ల రిజర్వుడుగా ఉండొచ్చు, నెల్లూరులాగా జనరల్ కావొచ్చు, కారంచేడు ఒకవైపు, చుండూరు ఒకవైపు పోవచ్చు. గీత గీసేటప్పుడు కమిషన్ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగంగా కూర్చుని వింటుంది. పోయినసారి అక్కడ పల్లె తరఫున కాగితం ఇచ్చినవాళ్లు ఎంతమంది? ఈసారి ప్రతి మండలం నుంచీ ఒక కాగితం వెళ్లాలి.

మా మాట మూడు ముక్కల్లో చెబుతాం.

ఒకటి. చట్టం వచ్చేదాకా ఆగొద్దు. 1932లో పోగొట్టుకున్న తొలి జల్లెడను మనమే పెట్టుకుందాం. ఎన్నికలకు ఆరు నెలల ముందు ఏడు అసెంబ్లీల్లోని మాలపల్లెలు, మాదిగపల్లెలు, కాలనీలు సభలు పెట్టి పేర్లు చెప్పాలి. అందులోంచి నలుగురిని తేల్చి అన్ని పార్టీలకూ పంపాలి. ఆడవాళ్లు లేని సభ చెల్లదు. ఆ నలుగురిలో ఒకరికి టిక్కెట్టివ్వని పార్టీ మన పల్లెకొచ్చి కారణం చెప్పాలి. మూడు లక్షల ఓట్లు గెలిపించలేకపోవచ్చు. కానీ 16,065తో తేలిన ఎన్నికలో మూడు లక్షల ఓట్లు ఒక్క మాట మీదుంటే వాళ్లను వినకుండా పోగల పార్టీ ఏదీ లేదు.

రెండు. గెలిచినవారు ఏ పార్టీ అయినా సరే, ఏడాదికి రెండుసార్లు మనకు లెక్క చెప్పాలి. జులై 17న ఒకసారి, ఆగస్టు 6న ఒకసారి. వేదిక ఏసీ హాల్లో వద్దు. కారంచేడు నుంచి తరలి వచ్చినవాళ్లు తలదాచుకున్న చీరాలలో ఒకటి, చుండూరులో ఒకటి. భూమి కేసులేమయినయి, అట్రాసిటీ కేసులేమయినయి, సబ్‌ప్లాన్ డబ్బులు ఎటు పోయినయి అని మనం అడగాలి, వాళ్లు చెప్పాలి. రాకపోతే ఖాళీ కుర్చీ వేసి సభ జరుపుదాం. ఖాళీ కుర్చీ కూడా మాట్లాడుతుంది.

మూడు. 2030లోపు రిజర్వేషన్ పొడిగింపు మళ్లీ పార్లమెంటుకు వస్తుంది. అప్పుడు చేతులెత్తి పొడిగించడంతో సరిపెట్టకుండా, నాగప్ప అడిగిన ప్రశ్నను మళ్లీ అక్కడ పెట్టించాలి. ఆ 35 శాతమో, తొలి జల్లెడో, ఇంకొక పద్ధతో, చర్చన్నా జరగాలి. ఓటు రహస్యం పోకుండా దాన్ని ఎట్లా చేయాలన్నది చిక్కు ప్రశ్నే. ఇప్పటికే బూతువారీ లెక్కలు బయటికొచ్చి, ఏ పల్లె ఎవరికేసిందో ఊరికి తెలిసిపోతున్నది. ఆ భయం మనకు కొత్త కాదు. చిక్కు ఉందని డెబ్బై ఏళ్లకు పైగా ప్రశ్ననే పాతిపెట్టడం మాత్రం న్యాయం కాదు.

ఇవి ఆకాశంలో చుక్కలు కావు. కారంచేడు తర్వాత కట్టుబట్టలతో చీరాల చేరినవాళ్లు అక్కడ శిబిరం పెట్టి నిలబడితేనే అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది, రాష్ట్రం కదిలింది. ఆ తర్వాతే 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. చుండూరువాళ్లు పట్టుబడితేనే కోర్టు వాళ్ల ఊరికొచ్చింది. ఎంపీ ఉన్నాడని ఇవేవీ రాలేదు. మనం ఉన్నామని వచ్చినయి. ఆ బలాన్ని ఇప్పుడు ఓటు దగ్గరికి తీసుకెళ్లాలి, అంతే.

పెద్దమ్మా, మళ్లీ ఓట్లొస్తాయి. ఈసారి నిన్ను అడక్కుండా మన సీటులో ఎవరినీ నిలబెట్టనీయం. ముందు మేమే నీ వేపచెట్టు కిందికొచ్చి అడుగుతాం. పేరు నువ్వు చెప్పు.

జై భీమ్!